పనిచేస్తున్నది

డే అండ్ నైట్ జంక్షన్ దాటాక పాలకొండ రోడ్డులో
నాలుగంతస్తుల లాడ్జి.
ఇప్పుడు మూడే అంటారు జనం,
నాలుగోదాన్ని లెక్కలోంచి తీసేశారు.
నిచ్చెన వేసుకుని ఎక్కాను.
మూడు నెలలకోసారి ఎక్కాల్సినవాణ్ణే.
కింద నిలబడి పోలీసాయన రాసుకుంటున్నాడు,
ఒక్కొక్కటీ విప్పి నేను చెబుతున్నాను.

మొదటిదాంట్లో సాలీడు గూడు.
గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి, ఖాళీ చేసి వెళ్లిపోయింది కూడా.
రెండోది బాగుంది.
బాగుండి ఏం లాభం, తీగ ఎలుక కొరికింది.
మూడోదానికి పాలిథిన్ కవరు, రబ్బరు బ్యాండు.
రెండేళ్ల కిందట సున్నాలేసినవాళ్లు
రంగు పడకుండా కట్టి, విప్పడం మరిచారు.
కవరు లోపల అది కొన్ననాటిలాగే తెల్లగా ఉంది.
కవరు బయట మసి.
వేలితో గీస్తే చార పడింది.

నాలుగోది వంటగది గుమ్మం మీద ఉండాలి.
అక్కడ రెండు తీగలున్నాయి, వాటికి నల్ల టేపు.
ఆ టేపు నాది.
పోలీసాయన అడగలేదు.
ఇక్కడ రాస్తున్నాను.

"ఎండుచేపలు ఏపితే కూస్తాది,
ఆవాలు సిటపటమంటే కూస్తాది,
గెస్టులు లుంగీల్తో రోడ్డు మీదికొచ్చేస్తన్నారు,
దీన్నోరు ముయ్యించీ బావూ"
అన్నాడు మేనేజరు దుప్పల గవరయ్య,
మూడొందలు జేబులో కుక్కి.
మూయించాను. టీ కూడా తాగాను.

రిజిస్టరు తెరిచి చూపించారు.
పై గడిలో నా చేతిరాత: పనిచేస్తున్నది.
దాని కింద రెండు చుక్కలు. దాని కింద రెండు చుక్కలు.
డిటో, డిటో, మూడేళ్ల డిటో.
చూస్తూ ఉంటే
ఎవరో రెండు కళ్లూ మూసుకుంటున్నట్టున్నాయి.

నేను చేసిన పరీక్ష ఇదీ:
కౌంటరు పక్కన పెట్టెలో ఎర్ర బటను నొక్కడం.
గంట కుయ్యిమనేది.
బటను నొక్కితే గంట మోగుతుందని తేలేది.
పొగ వస్తే మోగుతుందా అన్నది
ఎప్పుడూ తేలలేదు. అడిగినవాడూ లేడు.

ఆ రాత్రి కూసింది తవిటయ్య ఒక్కడే.
నైట్ వాచ్‌మన్. ఆమదాలవలస మనిషి, ఉబ్బసం.
అన్నం తినే స్టీలు పళ్లెం మీద తాళాలగుత్తితో కొడుతూ
"నెగండర్రా, నెగండి!" అని
తలుపు తలుపుకీ తిరిగాడు.
మూడో అంతస్తు దాకా లేపాడు,
ఇరవై ఆరు మంది, అందులో ఒక చంటిపిల్ల.
నాలుగోదానికి ఎక్కే మలుపులో ఊపిరి చాల్లేదు.
పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. టేకు తలుపులు, గట్టివి.
నాలుగు వందల ఏడులో
సీతంపేట ఏజెన్సీ నుంచి తల్లిని
కంటి ఆపరేషనుకి తెచ్చిన సవర సుక్కన్న.
తెల్లారితే ఆవిడ కట్టు విప్పుతామన్నారు.

పళ్లెం దొరికింది, అంచు సొట్టపోయి.
దానికి బ్యాటరీ లేదు, సర్వీసు కార్డు లేదు.

ఇప్పుడు నా సంచిలో టెస్టరుతో పాటు
అగరొత్తుల కట్ట ఉంటుంది.
గదిగదికీ నిచ్చెన వేసి, ఒకటి వెలిగించి,
పొగని దాని నోటికి అందిస్తాను.
ఒక నర్సింగ్ హోములో ఆయా చెప్పులు విప్పి
దండం పెట్టింది, పూజనుకుని.
నేను లెక్కపెడుతున్నాను, అంతే.
తొమ్మిది, పది, పదకొండు.
కూయకపోతే "పనిచేయలేదు" అని రాస్తాను,
ప్రతి గడిలోనూ, ప్రతి అక్షరమూ.
ఇప్పటికి ఇద్దరు ఓనర్లు నన్ను మాన్పించారు.

నిన్న చిలకపాలెం కల్యాణమంటపం నుంచి ఫోను.
"సాంబారు పోపుకే గోలెట్టేస్తంది,
వచ్చి కట్టేసి పో, డబ్బుల్దేటుంది!"
ఆయన మాటల వెనక అది వినిపిస్తూనే ఉంది.
నాకు మాత్రం పళ్లెం చప్పుడు.
"రేపొచ్చి పొయ్యికి దూరంగా మారుస్తాను" అన్నాను.
"అందాకా ఒగ్గీండి.
కూయనీండి."